ఏడో వరస తలుపు

1. పాచి తొట్ల వంతు

ఈ వారం నా వంతు పాచి తొట్లు. గాజు లోపలివైపు పట్టిన ఆకుపచ్చ పొరను రబ్బరు గరిటెతో కిందికి లాగాలి. లాగకపోతే పాచికి వెలుతురు అందదు, వెలుతురు అందకపోతే పాచి ఊపిరి విడవదు, అది విడవకపోతే మాకు ఊపిరి లేదు. చిన్నపిల్లలకు దీన్ని పాటగా నేర్పుతారు. పై తరగతి వాళ్ళం మాత్రం చేసిన పనిని తెలుగులో రాసి పెట్టాలని పంతులమ్మ అన్నారు. మా గుహ ఊరు కొత్తరేవు గురించి ఓడవాళ్ళు రాసినవే ఉన్నాయట, మనం రాసుకున్నది ఒక్క ముక్కా లేదట. తరగతి మొత్తం మూలిగింది. నేను మూలగలేదు. నాకు ఈ మధ్య మాటలంటే ఆకలి పుడుతోంది. "నిగనిగ" అనే మాట దొరికిన రోజున తొట్లన్నీ కొత్తగా కనిపించాయి.

నా జోడీ షావోయున్. ఆ పేరుకు చిన్న మబ్బు అని అర్థమట. చంద్రుడి మీద మబ్బులు లేవు కాబట్టి కొత్తరేవు మొత్తానికి ఉన్న మబ్బు ఇదొక్కటే. నాకంటే వేగంగా గీకుతుంది, నాకంటే ఎక్కువ మాట్లాడుతుంది. వాళ్ళది ఏడో వరస. ఈ గుహను తొలిచింది వాళ్ళ ముత్తాతలే. చైనా నుంచి వచ్చి, తొలిచి, తిరుగు ఓడ రాక ఇక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి మావాళ్ళు వచ్చి మిగతా ఆరు వరసల్లో దిగారు. షావోయున్‌కి ఇంట్లో వాళ్ళ భాష, గడప దాటితే మా భాష. "ఏటే" అని అది సాగదీసినట్టు మా అమ్మ కూడా సాగదీయలేదు.

పొద్దున పని దిగాక నీళ్ళగదిలో చెంబు తిరిగింది. వంతు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు గుండ్రంగా నిలబడతారు. ఒకటే చెంబు, ఇత్తడిది, వెడల్పు మూతిది. మావాళ్ళు దిగిన తొలినాడు ఆ చెంబుడు నీళ్ళే ఉన్నాయట. ఎవరూ ఎంగిలి చేయకుండా ఎత్తి పోసుకుని, పక్కవాళ్ళకు అందించారట. ఇప్పుడు గొట్టాల నిండా నీళ్ళున్నా చెంబు మాత్రం ఆగలేదు. ఇక్కడ నీళ్ళు తొందరపడవు. చెంబు వంచితే లావుపాటి తాడులా, ఆలోచించుకుంటూ దిగుతాయి. తల వెనక్కి వాల్చి, పెదవి తగలకుండా పట్టుకోవాలి. అది వచ్చిననాడు పిల్ల పెద్దదైనట్టు లెక్క. చెంబు ఎత్తి తాగేవాళ్ళకే సభలో చెయ్యి ఎత్తే హక్కు. నాకు పోయిన ఏడాది వచ్చింది. ఆ రోజు అమ్మ పాయసం చేసింది.

ఏడో వరసవాళ్ళు చెంబు ముట్టరు. ఎవరి మూతగ్లాసు వాళ్ళది. అందులో మరిగించిన నీళ్ళు పోసుకుని, మూతి పెట్టి తాగుతారు. మావాళ్ళు వాటిని ఎంగిలి గ్లాసులని నవ్వుతారు. చెంబు లేదు కాబట్టి వాళ్ళకు సభలో చెయ్యీ లేదు. ఇది నియమమని ఎవరూ అనరు, అలవాటంటారు.

ఈ రోజు చెంబు చుట్టూ నిలబడినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు దగ్గారు. దుమ్మేమో అనుకున్నాం.

2. అంబలి మోసే వంతు

దుమ్ము కాదు. జ్వరం. ముందు గొంతు మండుతుంది, తర్వాత ఒళ్ళు కాలుతుంది, ఆపైన కళ్ళు మసకబారతాయి. అందుకే మసకజ్వరం అంటున్నారు. మంచం పట్టినవాళ్ళకు అంబలి క్యాన్లు మోయడం ఇప్పుడు నా పని. ఇక్కడ క్యాన్ బరువుండదు కానీ మలుపు దగ్గర మనం ఆగినా అది ఆగదు, గోడకు కొట్టుకుంటుంది. రెండుసార్లు ఒలకబోశాను.

మా మావయ్య కూతురు పారిజాతకు కూడా వచ్చింది. మావయ్య పేరు సింహాద్రి, అమ్మకు అన్నయ్య, కొత్తరేవు సభకు పెద్ద. గాలిగొట్టాల తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. చెంబు కూడా పొద్దున్నే ముందు ఆయన ఎత్తాకే మిగతావాళ్ళు ఎత్తుతారు. ఎప్పుడూ గట్టిగా నవ్వే మనిషి, ఈ రోజు పారిజాత మంచం పక్కన కూర్చుని దాని కాళ్ళు పిసుకుతున్నాడు. నేను వెళ్ళినా తల ఎత్తలేదు.

మాకున్నది ఒక్క డాక్టరు, నసీమా గారు. ఇది ఉమ్ము ద్వారా పాకుతోందని, ఎవరి ఎంగిలీ ఎవరికీ తగలకూడదని ఆమె మాటలగొట్టంలో అందరికీ వినిపించేలా చెప్పారు. మావాళ్ళు ఎంత బుద్ధిగా విన్నారంటే, ఇళ్ళలో ఉన్న నాలుగు గ్లాసులనూ అటక మీద పడేసి నీళ్ళగదికి పరుగెత్తారు. పొద్దున ఒక్కసారి తిరిగే చెంబు ఇప్పుడు సాయంత్రం కూడా తిరుగుతోంది. పెదవి తగలనిది అదొక్కటే కదా.

ఎంగిలి అన్న మాట వినగానే కళ్ళన్నీ ఏడో వరస వైపు తిరిగాయి. మొదట జబ్బుపడింది రెండో వరస ఈశ్వరరావు. అతను మంచం పట్టే ముందు షావోయున్ వాళ్ళ నైనై, అంటే నాయనమ్మ, నడిపే ఆవిరి వంటింట్లో బన్నులు తిన్నాడట. ఆ బన్నులు మా వరసల్లో తిననివాళ్ళు ఎవరు? కానీ కథకు ఒక్కడు చాలు. అంబలి క్యాన్‌తో గడప గడపకూ తిరిగాను కదా, కథ నాకంటే ముందే ప్రతి గడపకూ చేరుకుంటోంది. ఒకచోట బన్నులో ఏదో కలిసిందన్నారు. ఇంకోచోట చైనా మూటలో వచ్చిందన్నారు. మా వరస చివరికి వచ్చేసరికి, కావాలనే తెచ్చారన్నారు.

3. బడి ఊడ్చే వంతు

ఏడో వరసలో జబ్బుపడినవాళ్ళు తక్కువ. అదే వాళ్ళ తప్పైపోయింది.

బడి ఊడుస్తుంటే గంగాధర్ తువ్వాలు ముక్కు మీదికి లాక్కుని షావోయున్‌ను అడిగాడు.

"మీ వరసోళ్ళకి రోగం రాదేటి? మందు దాసుకున్నారా?"

"దాసుకున్నాం," అంది షావోయున్, చీపురు ఆపకుండానే. "ఎవులికీ దొరక్కూడదని నీ బుర్రలో దాసాం. అక్కడ బోల్డంత కాళీ."

తరగతంతా నవ్వింది. నవ్విన తర్వాత కూడా దాని బల్ల చుట్టూ ఉన్న బల్లలన్నీ దూరం జరిగే ఉన్నాయి. నేను నా బల్లను దాని పక్కకు జరుపుకున్నాను. ఇక్కడ బల్ల జరపడం చాలా తేలిక. అందరూ చూస్తుంటే మాత్రం అంత తేలిక కాదు.

నిజానికి దాని బాబాయికి కూడా జ్వరమే. పెద్ద భోజనశాలలో వడ్డించే మనిషి. ఆ మాట నేను ఇంట్లో చెబితే పెదనాన్న వెంటనే, చూశావా, వడ్డిస్తూ అంటించాడు అన్నాడు. రాకపోతే దాచుకున్నారు, వస్తే అంటించారు. అటు తిప్పినా ఇటు తిప్పినా మూసుకునే పెట్టె ఇది.

నైనై వంటింటి గోడ మీద ఎవరో మసితో "పొండి" అని రాశారు. ఎక్కడికి పొమ్మని? గుహ బయట గాలి లేదు.

4. రేకులు మోసే వంతు

ఈ పని నేను చేయలేదు. పిలిచారు, వెళ్ళలేదు. అయినా రాస్తున్నాను.

ఏడో వరస మొగలో రేకులు అతికించి తలుపు పెట్టారు. మధ్యలో అన్నం గిన్నె పట్టేంత జాలీ కిటికీ. తాత్కాలికమే అన్నారు. ఈ మధ్య అన్నీ తాత్కాలికమే. సభ జరిగేవరకు అంతే, సభలో అసలు సంగతి తేలుస్తారట. ఆ అసలు సంగతి ఏమిటో అమ్మ అన్నం పెడుతూ చెప్పింది. జ్వరం గాలిలో కూడా వస్తుందేమోనని జనం భయపడుతున్నారు. అందుకని ఏడో వరసకు పోయే పెద్ద గాలిగొట్టాన్ని మూసేసి, వాళ్ళను వాళ్ళ పాత గాలియంత్రం మీదే ఉండమనాలని మావయ్య ప్రతిపాదన. గాలిలో వస్తుందని తాను అనలేదని డాక్టరు చెప్పినా ఎవరూ వినడం లేదు.

జాలీ దగ్గరికి వెళ్ళాను. అవతల షావోయున్. దాని వెనక పాత యంత్రం చప్పుడు వినిపిస్తోంది. మా తాతయ్య నిద్రలో గురక పెట్టి, మధ్యలో ఆగి, ఇక లేడేమో అనుకునేంతలో మళ్ళీ మొదలుపెట్టేవాడు. అచ్చం అలాగే.

"అది ఎంతకాలం ఆడుద్దే?" అన్నాను.

"వచ్చే ఓడదాకా ఆడదు. మీ మావయ్యకి తెలుసు. ఆయనే పోయినేడు దానికి బెల్టులు మార్సేడు."

ఇద్దరం కాసేపు ఆ గురక విన్నాం. ఏడో వరసలో పసిపిల్లలున్నారు, నైనై ఉంది, జ్వరంతో పడుకున్న బాబాయి ఉన్నాడు. షావోయున్ ఉంది.

ఇంటికి వచ్చి మాట కోసం వెతికాను. అందరూ మూసేద్దాం అంటున్నారు, జాగ్రత్త అంటున్నారు, దూరం అంటున్నారు. ఇవేవీ కావు, దీనికి వేరే మాట ఉండి తీరాలనిపించింది. బడి నిఘంటువులో దొరికింది. వెలి. మనుషులను ఊరి నుంచి, నిప్పు నుంచి, నీళ్ళ నుంచి బయటికి తోయడం. భూమి మీద దాన్ని వాడేవారట. మావాళ్ళు ఓడలో కంచాలు తెచ్చారు, విత్తనాలు తెచ్చారు. ఈ మాటను పైకి అనకుండా తెచ్చారు.

5. నీళ్ళగది కడిగే వంతు

ఈ రోజు ఏం చూశానో వరుసగా రాయాలి.

రెండో వరసలో నిశ్చితార్థం అయింది. జ్వరాల మధ్య ఎందుకంటే ముహూర్తం తప్పకూడదట. తాంబూలాలు పంచారు. తమలపాకు మా గోడలకే పాకుతుంది, వక్క ఓడలో వస్తుంది. అందరూ నోళ్ళు ఎర్రగా పండించుకుని, నీళ్ళగదికి వచ్చి చెంబు తిప్పి వెళ్ళారు. ఆ తర్వాత గది కడగడం నా వంతు.

నేల కడిగాను. గోడలు తుడిచాను. పైకి చూస్తే కప్పు మీద ఎర్రటి చుక్కలు. ఆవాలు చల్లినట్టు, నేను చెయ్యి ఎత్తినా అందనంత ఎత్తున. ఎవరు మాత్రం కప్పు మీదికి ఉమ్ముతారు?

నీళ్ళగదికి ఒకవైపు ఏడో వరస తలుపే. జాలీలోంచి షావోయున్ నా తిట్లు వింటోంది.

"తిడతావేటే? మీరు నీళ్ళు తాగినప్పుడల్లా అంతే గదా," అంది. "నేను ఎప్పుడూ వార నిలబడతానే, ఎందుకనుకున్నావు? చెంబు గౌరవమనా? నా మొహం మీద పడతాయని."

నేను నమ్మలేదు. పెదవి తగలకుండా తాగుతాం, ఒక్క చుక్క కింద పడదు, అదే కదా మా నేర్పు. కింద పడదు సరే, పైకో అంది అది. ఎప్పుడైనా తాగుతూ పైకి చూశావా అంది. చూడలేదు. తాగేటప్పుడు కళ్ళు మూసుకుంటాం, అదే మర్యాద.

పళ్ళెంలో మిగిలిన తాంబూలం నమిలాను. తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్ళు పట్టి, చెయ్యి పైకెత్తి పోసుకున్నాను. షావోయున్ జాలీకి ముక్కు ఆనించి చూస్తోంది. ఆగమంది. మళ్ళీ పొయ్యమంది. ఈసారి కళ్ళు తెరిచి చూశాను.

నీళ్ళ తాడు నా నోట్లోకి దిగింది. దిగినచోటు నుంచి సన్నటి తుంపర లేచింది. మెల్లగా, తీరిగ్గా, ఎక్కడికో పని మీద వెళ్తున్నట్టు పైకి పోయింది. గిన్నె దాకా, గిన్నె దాటి కప్పు దాకా. కొన్ని చుక్కలు తిరిగివచ్చి గిన్నెలోనే దిగాయి. గిన్నె దించి చూస్తే నీళ్ళు గులాబి రంగులో ఉన్నాయి.

భూమి మీద ఇలా జరగదట, అక్కడ నీళ్ళు బరువుగా పడిపోతాయట. ఎత్తి తాగడం అక్కడ శుభ్రమే. ఆ శుభ్రాన్ని మేం మడత కూడా విప్పకుండా ఇక్కడికి తెచ్చుకుని, రోజుకు రెండుసార్లు ఒకరి ఉమ్ము ఒకరం పంచుకుంటున్నాం. డాక్టరు ఎంగిలి వద్దన్నకొద్దీ ఇంకా ఎక్కువ పంచుకున్నాం. ఎవరి గ్లాసు వాళ్ళు పెట్టుకున్న ఏడో వరసకు తక్కువ వచ్చింది.

నేను గెంతాను. ఇక్కడ గెంతితే తల కప్పుకు తగులుతుంది, తగిలింది. "మీ తప్పు కాదని అందరికీ సూపిస్తానే," అన్నాను.

షావోయున్ నవ్వలేదు.

"సూపించు. కానీ ఒకటి సెప్పు. మా తప్పే అనుకో. మా బన్నులోంచే ఒచ్చిందనుకో. అప్పుడు మా గాలి ఆపీయొచ్చేటి?"

తల అడ్డంగా ఊపాను.

"అదీ సెప్పు మరి," అంది.

6. మందులు పంచే వంతు

డాక్టర్ నసీమా గారికి గిన్నె చూపించాను. తాను కూడా రోజూ అదే వలయంలో నిలబడి, అదే చెంబు ఎత్తానని, ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి దాన్ని అనుమానించాలని తోచనే లేదని అన్నారు. నా చేతిలో గిన్నెనే మళ్ళీ మళ్ళీ తిప్పి చూశారు.

ఇద్దరం కలిసి మావయ్య దగ్గరికి వెళ్ళాం. పారిజాతకు కళ్ళు పూర్తిగా మసకబారాయి. మావయ్య నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో, గిన్నె వైపు చూడకుండానే విన్నాడు.

"చెంబుకి రోగమంటగడతావేటే, గుంటా? మీ ముత్తాత ఎత్తిన చెంబది. సీనావోళ్ళ పిల్లతో తిరిగి తిరిగి నీకు మనోళ్ళు సేదైపోయినారు."

అంతే. తలుపు వేసేశాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, చెప్పింది వినలేదు కాబట్టి ఇక చూపించాల్సిందే అన్నారు. సభ మొదట పెద్దలకు తాంబూలం ఇస్తారు, ఆ తర్వాత ప్రమాణానికి చెంబు తిరుగుతుంది. చెంబును తాను పరీక్షకు తీసుకుంటానన్నారు. ఆమెకు ఆ అధికారం ఉంది. దాని బదులు వెడల్పు మూతి గాజు జాడీ ఇచ్చారు.

సభలో నీళ్ళు అందించే వంతు గంగాధర్‌ది. అడిగాను. ఎందుకని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు చాలాసేపు తువ్వాలు నలిపి, సరే, తీసుకో అన్నాడు. వాళ్ళ చెల్లికి నిన్న జ్వరం వచ్చిందట.

7. సభలో నీళ్ళందించే వంతు

సభ నీళ్ళగది ముందు చావడిలోనే జరిగింది. నడవగలిగినవాళ్ళంతా వచ్చారు. ఏడో వరసవాళ్ళు జాలీ అవతల నిలబడి వినొచ్చని మావయ్య ఒప్పుకున్నాడు. వినడానికే, మాట్లాడటానికి కాదు. జాలీలో నైనై ముఖం, దాని కింద షావోయున్ ముఖం.

పెద్దలకు తాంబూలాలు ఇచ్చారు. మావయ్య నములుతూనే ప్రతిపాదన చదివాడు. గొంతు పీలగా ఉంది. చివర్లో, ఇందులో పగ ఏమీ లేదని, పిల్లల కోసమేనని అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ప్రమాణానికి చెంబు అడిగాడు. నేను జాడీతో ముందుకు వెళ్ళాను. చెంబు పరీక్షకు తీసుకున్నానని డాక్టరు గారు చెప్పారు. మావయ్య నుదురు ముడిపడింది, కానీ అందరూ చూస్తున్నారు. జాడీ అందుకుని, అందులో నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో చూసుకుని, చెయ్యంతా పైకి చాచి ఎత్తాడు. ఆయనంత అందంగా ఎత్తి తాగేవాళ్ళు కొత్తరేవులో లేరు. మూడు గుక్కలు. కళ్ళు మూసుకుని. ఒక్క చుక్క కింద పడలేదు.

తర్వాత జాడీని పక్కనున్న అమ్మకు అందించాడు.

అమ్మ జాడీ ఎత్తబోయి ఆగింది. దీపం వైపు పట్టింది. గాజులో నీళ్ళు మెల్లగా ఊగుతున్నాయి. అందులో ఎర్రటి పోగులు విచ్చుకుని, కలిసి, జాడీ మొత్తం లేత గులాబి రంగుకు తిరిగింది. చావడిలో అందరికీ కనిపించింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు నిలబడ్డారు.

"అన్నయ్యా," అంది అమ్మ. "ఇది నీ నోటిది."

జాడీని నేల మీద పెట్టేసింది. తాగలేదు.

డాక్టరు గారు నన్ను మాట్లాడమన్నారు. కప్పు మీది చుక్కల సంగతి, గిన్నె సంగతి, పైకి లేచిన తుంపర సంగతి చెప్పాను. షావోయున్ చెబితేనే కళ్ళు తెరిచి చూశానని కూడా చెప్పాను. నమ్మనివాళ్ళను తల ఎత్తి కప్పు చూడమన్నాను. నీళ్ళగది కప్పు నేను కావాలనే కడగలేదు. జనం గుంపులుగా వెళ్ళి, తలలు ఎత్తి చూసి, నోళ్ళు మూసుకుని వచ్చారు.

గెలిచామనుకున్నాను. అప్పుడు నాలుగో వరస నుంచి ఒకాయన లేచి, అయితే ఇదంతా రెండో వరస తాంబూలాల వల్లే జరిగింది, మొదట పడింది వాళ్ళ ఈశ్వరరావే, గొట్టం మూయాల్సింది వాళ్ళకన్నాడు. కొన్ని తలలు ఊగాయి. నిజంగా ఊగాయి. రెండో వరసవాళ్ళు ఒకరికొకరు దగ్గరగా జరిగారు. ఒక గుమ్మం నుంచి తలుపు ఊడుతుంటే, ఈ జనం దాన్ని మోసుకెళ్ళి ఇంకో గుమ్మానికి తగిలించబోతున్నారు.

జాలీలోంచి మాట వచ్చింది. మాట్లాడకూడదని చెప్పినా వచ్చింది.

"మావయ్యా," అంది షావోయున్. మా మావయ్యను అది చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తుంది. "రోగం మాకాడినుంచే ఒచ్చిందనుకోండి. రెండో వరస నుంచే అనుకోండి. ఎవులికాడినుంచైనా అనుకోండి. జొరమొచ్చినోళ్ళకి అంబలి అట్టుకెల్తారు గానీ, గాలి ఆపుతారేటి?"

పాత యంత్రం గురక జాలీలోంచి వినిపిస్తోంది. ఆగింది. అందరం ఎదురుచూశాం. మళ్ళీ మొదలైంది.

నేను నిలబడే ఉన్నాను. నిఘంటువులో దొరికిన మాటను అప్పుడు పైకి అన్నాను. "మనం చేయబోతున్నది జాగ్రత్త కాదు. దీన్ని వెలి అంటారు."

మావయ్య జాడీ వైపే చూస్తున్నాడు. తలపాగా తీసి నోరు తుడుచుకున్నాడు. గుడ్డ ఎర్రబడింది. దాన్ని అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

"పొద్దున్నే తొలిచెంబు ఎవులెత్తుతారు? నేను. నా ఎనకాల మీరంతా. నా పారిజాత కూడా," అన్నాడు. "మొదలెక్కడని ఎతికితే, తలుపు ముందు నా గుమ్మానికెట్టాల."

నాలుగో వరస ఆయన కూర్చున్నాడు. గొట్టం మూయాలనేవాళ్ళు చెయ్యి ఎత్తండని అడగడం సభపెద్ద పని కాబట్టి మావయ్యే అడిగాడు. చావడిలో ఒక్క చెయ్యి లేవలేదు. నాలుగో వరస ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

8. తలుపు మోసే వంతు

చెంబు తిరగడం ఆగాక జ్వరం కూడా నెమ్మదించింది. కొత్తగా పడేవాళ్ళు తగ్గారు, పడినవాళ్ళు లేచారు. అందరూ కాదు. మూడో వరస రాజమ్మ గారు పోయారు. ఏడో వరసలో ఒక తాత పోయాడు, తలుపు వెనకే. ఆయన పేరు లిన్ వెయ్‌మింగ్. రాసి పెట్టాలి కాబట్టి రాస్తున్నాను. జ్వరం అసలు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఈ మధ్య ఎవరూ అడగడం లేదు కూడా.

పారిజాతకు చూపు తిరిగొచ్చింది. లేవగానే అడిగింది బన్నులు.

సభ అయిన మర్నాడే మావయ్య తలుపు గొళ్ళెం తీయడానికి వెళ్ళాడు. నేను వెనక ఉన్నాను. అవతలి నుంచి నైనై చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె మా అందరికంటే ముందు ఈ గుహలో పుట్టిన మనిషి. తెలుగు నెమ్మదిగా, ఒక్కో మాటా కడిగి పెట్టినట్టు మాట్లాడుతుంది.

"మూసినప్పుడు మమ్మల్ని అడగనేదు, నాయనా. తీయడానికి అడుగుతున్నావు. మంచిదే. కానీ నా గుమ్మంలో కాదు, సభలో అడుగు. మాకూ సేతులున్నాయి."

మావయ్య తల ఊపి వెనక్కి వచ్చాడు. సభలో చెయ్యి ఎత్తాలంటే చెంబు ఎత్తాలి, చెంబేమో ఆగిపోయింది. అంటే ఇప్పుడు ఏ వరసకూ హక్కు లేనట్టే. పెద్దలు రెండు వారాలు జుట్టు పీక్కుని, చివరికి ఇక్కడ ఊపిరి పీల్చే, చెంబెత్తే ఈడొచ్చిన ప్రతి మనిషికీ చెయ్యి ఉంటుందని రాసుకున్నారు. రాసింది నేనే, మాటలు నావే. "ఊపిరి పీల్చే" అన్న ముక్క కొట్టేయమన్నారు, నేను కొట్టేయలేదు.

ఈ రోజు సభ జరిగింది. ఏడో వరసవాళ్ళు సభకని గొళ్ళెం తీయించుకుని వచ్చి, మొదటిసారి చావడిలో కూర్చున్నారు. తమ గ్లాసులు తాము తెచ్చుకున్నారు. మావాళ్ళు కూడా అటక మీది గ్లాసులు దించుకుని వచ్చారు, చాలావాటికి ఇంకా దుమ్ముంది. తలుపు సంగతి వచ్చింది. ఇంత మంచి రేకు ఎందుకు పాడుచేయడం, తెరిచి వారగా ఉంచితే రేపెప్పుడైనా పనికొస్తుంది కదా అని ఒకరిద్దరు గొణిగారు. దేనికి పనికొస్తుందని గంగాధర్ అడిగాడు.

తలుపు పీకేసి కరిగించాలనేవాళ్ళు చెయ్యి ఎత్తండన్నాడు మావయ్య. అందరి కళ్ళూ నైనై మీదికి వెళ్ళాయి. ఆమె తొందరపడలేదు. గ్లాసు మూత పెట్టింది. పక్కన పెట్టింది. చీర అంచులాంటి తన పొడవాటి చొక్కా అంచు సర్దుకుంది. అప్పుడు ఎత్తింది, మోచెయ్యి వంచకుండా, నిటారుగా. ఆ పక్కనే షావోయున్ చెయ్యి. దాని పక్కన నాది. తర్వాత నేను లెక్కపెట్టలేకపోయాను.

మేకులు పీకడానికి పొద్దంతా పట్టింది. మోసే వంతు ఎవరిదో ఎవరూ అడగలేదు. ముందువైపు మావయ్య, గంగాధర్. వెనకవైపు షావోయున్, నేను. పక్కలకు ఏడు వరసలవాళ్ళూ చేతులు వేశారు, చెయ్యి పట్టే చోటు దొరకనివాళ్ళు మా భుజాల మీద వేశారు. నైనై ముందు నడిచింది. పారిజాత గోడ పట్టుకుని నిలబడి, పక్కకు తప్పుకోండని అందరినీ అదిలిస్తోంది.

కొలిమికి పోయే దారి కొంచెం పల్లం. చంద్రుడి మీద ఎంత పెద్ద తలుపునైనా ఎత్తడం తేలికే. ఒకసారి కదిలాక ఆపడమే కష్టం.

మలుపు వచ్చింది. "ఏటే, కాలు బేగి కదుపు," అంది షావోయున్.

ఎవరూ ఆపలేదు.